గేటు దగ్గర పోయేవాళ్లందరూ తొందరపాటుగాళ్లేనా?

ఈ వారంలో ఇది నాలుగోసారి. పంపింది నలుగురు, మెసేజ్ ఒకటే. చివర్లో దండం పెట్టే బొమ్మ, కింద "కనీసం పదిమందికి పంపండి" అన్న ఆజ్ఞ. అందనివాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తా: రైల్వే గేట్ల దగ్గర ప్రమాదాలన్నీ జనం తొందర వల్లే. రైలంత రైలు కనపడలేదంటే అది గుడ్డితనం. గేట్‌మ్యాన్లు కావాలనే ముందే గేటు వేసి ఏడిపిస్తారు. అన్నిచోట్లా అండర్‌పాస్ తవ్వేస్తే గొడవ వదులుతుంది. ఎక్కడేం కట్టాలో ఇంజనీర్లు తేల్చుకుంటారు, గ్రామసభ పెట్టి జనాన్ని అడగడం శుద్ధ దండగ.

గేట్‌మ్యాన్ సంగతి ముందే తేల్చేస్తా, దానికి అంతకంటే విలువ లేదు. ఇంటర్‌లాకింగ్, అంటే గేటు తాళాన్ని సిగ్నల్‌తో ముడిపెట్టే ఏర్పాటు, ఉన్న చోట గేటు పడి తాళం పడితేగానీ రైలుకి సిగ్నల్ రాదు. ఆయన ఆలస్యం చేస్తే బండి బయటే ఆగిపోతుంది. అందుకే ముందే వేస్తాడు, మీ మీద కక్షతో కాదు. భయపడాల్సింది ఆ తాళం లేని గేట్లను చూసి. 2025 జులై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో గేటు తెరిచి ఉండగానే రైలు వచ్చి స్కూలు వ్యాన్‌ని కొట్టింది. ముగ్గురు విద్యార్థులు పోయారు. గేటుంది, మనిషున్నాడు, ఇంటర్‌లాకింగ్ మాత్రం లేదు.

ఇక గుడ్డితనం. హెర్షెల్ లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే దీని గురించి రాశాడు: ఎంత పెద్ద వస్తువైతే మన కంటికి అంత నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. పైగా పట్టాల దగ్గర నిలబడి చూస్తే ఇంజను పక్కకి జరగదు, ఉన్నచోటే కొంచెం కొంచెం పెద్దదవుతుంది. దూరంగానే ఉందిలే అనిపిస్తుంది. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు మూడొందల మీటర్లు దాటడానికి పదకొండు సెకన్లు చాలు. డ్రైవరు బ్రేకు వేసినా నిండు గూడ్సు బండి ఆగడానికి కిలోమీటరుకి పైనే పట్టొచ్చు. గుడ్డితనం అని రాసినవాడు ఒకసారి పట్టాల పక్కన నిలబడి రైలు ఎన్ని సెకన్లలో వస్తుందో లెక్కపెట్టి చూడాలి.

తొందర లేదని నేననను. మూసిన గేటు కింద నుంచి బండి పక్కకి వంచి దూర్చిన ఘనకార్యం నాదీ ఒకటుంది, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలని, కండక్టరో క్లీనరో దిగి ముందు నడిచి చూసి రావాలని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్తోంది కూడా. కానీ అన్నీ తొందర వల్లే అయితే ఒక్కటి చెప్పండి. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ రైల్వే 2019 జనవరికల్లా ఎత్తేసింది. కొన్ని మూసింది, కొన్నిటికి మనిషిని పెట్టింది, కొన్నిచోట్ల కింద దారి తవ్వింది. ఆ గేట్ల దగ్గర చావులు దాంతో ఆగాయి. అంటే ఆ నెలలో దేశం మొత్తానికీ ఒక్కసారిగా ఓపిక పుట్టుకొచ్చిందా? మారింది దారి, మనుషులు కాదు.

అండర్‌పాస్ మంచిదే, నీళ్లు నిలవనంత వరకు. 2024 సెప్టెంబరులో ఫరీదాబాద్‌లో వాన నీళ్లతో నిండిన రైల్వే అండర్‌పాస్‌లో కారు మునిగి ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు చనిపోయారు. వాన పడితే నీళ్లు ఏ పక్క నుంచి దిగుతాయో, ఎన్నిరోజులు నిలుస్తాయో చెప్పగలిగేది అక్కడ పుట్టి పెరిగినవాళ్లే. అందాకా ఎందుకు, కింద దారి నీళ్లతో నిండితే జనం ఏం చేస్తారు? మళ్లీ పట్టాలెక్కుతారు, ఈసారి గేటూ ఉండదు, కాపలా మనిషీ ఉండడు.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండించిన మాటకొస్తా. "జనానికేం తెలుసు?"

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో మెండన్ అనే చిన్న ఊరుంది. అక్కడి మట్టిరోడ్డు పట్టాలని ఐమూలగా, నిట్టూరుస్తూ ఎక్కాల్సినంత నిటారుగా దాటేది. గేటు లేదు, లైటు లేదు. రైలు కనిపించదు, ఇది ప్రమాదం అని పక్కనే సేద్యం చేసుకునే రైతు ఒకాయన వీడియో తీసి పెట్టాడు. కొన్ని వారాలకే, 2022 జూన్ 27న, ప్యాసింజరు రైలు అక్కడ టిప్పర్ లారీని గుద్దింది. నలుగురు పోయారు, నూటికి పైగా గాయపడ్డారు. తర్వాత దర్యాప్తులో ఇంజనీర్లు తేల్చింది ఏమిటంటే, రోడ్డు మరీ నిటారుగా ఉంది, పట్టాలని కోసే కోణం బాగాలేదు అని. రైతు చెప్పింది కూడా అదే కదయ్యా, కాకపోతే నలుగురు పోకముందు చెప్పాడు!

మనకి మెండన్ దాకా వెళ్లక్కర్లేదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సుని రైలు ఢీకొట్టి పదిమందికి పైగా పిల్లలు పోయారు. గేటు పెట్టమని ఎప్పటి నుంచో అడుగుతున్నామని ఊరివాళ్లు అన్నారు. ఈ మెసేజ్ రాసిన మహానుభావుడి లెక్కలో అది కూడా దండగ మాటే కాబోలు.

ఇంజనీర్ల లెక్క తప్పని కాదు. రోజుకి ఎన్ని రైళ్లు, ఎన్ని వాహనాలు అని గుణించి ఒక సంఖ్య తేలుస్తారు, టీవీయూ (ట్రెయిన్ వెహికల్ యూనిట్) అంటారు దాన్ని. అందులో వాహనాలుంటాయి, నడిచేవాళ్లుండరు. లెక్క తీసిన రోజుల్లో సంత లేకపోతే, కోతల కాలం కాకపోతే ఆ రద్దీ కూడా కనపడదు. నెత్తిన గడ్డిమోపు పెట్టుకున్న ఆడమనిషి తల తిప్పి చూడలేదు, రెండు వైపులా చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ట్రాక్టరు దాటినా వెనక ట్రాలీ పట్టాల మీదే ఉంటుంది, ఇంజను మోతలో కూత వినపడదు. ఇవి ఏ నక్షాలోనూ గీసి ఉండవు. అడిగితే మాత్రం అయిదు నిమిషాల్లో చెప్తారు.

అయినా ఒక్కటి ఒప్పుకోవాలి, రాసినవాడికి తెలియకుండానే ఒక నిజం దొర్లింది. ఇప్పుడు జరిగే సభల్లో సగం దండగే. ముందురోజు సాయంత్రం నోటీసు అంటిస్తారు, పనిరోజు పదకొండింటికి పిలుస్తారు. మైకు పట్టేది రోడ్డు పక్కన స్థలం ఉన్నాయన. వంతెన ఇటు పడాలా అటు పడాలా అన్నదే ఆయన బాధ. గడ్డిమోపు మనిషి ఆ టైముకి పొలంలో ఉంటుంది. సంతకాలు అయిపోతాయి, "ప్రజాభిప్రాయం సేకరించాం" అని కాగితం ఫైల్లోకి పోతుంది. ఇలాంటి దాన్ని దండగ అంటే నేనూ చెయ్యెత్తుతా.

అందుకే సభని ఆఫీసులో కాదు, గేటు దగ్గరే పెట్టమంటున్నా, బడి గంటకి ముందు ఎనిమిదింటికి. ఇంజనీరు నక్షా పట్టుకుని నిలబడాలి, దాటేవాళ్లు దాటుతూ చెప్పాలి. అయిదోసారి ఈ మెసేజ్ పంపబోయేవాళ్లని కూడా అక్కడికే రమ్మంటున్నా. నెత్తిన మోపు నేనే పెడతా, ఒకసారి అటు దాటి ఇటు వచ్చి, అప్పుడు పంపండి.