మ్యూజ్‌ను సృష్టిస్తారా? ఆమె కోపాన్ని కూడా రాయండి

గ్రీకు పురాణాల్లో కళలకు ప్రేరణనిచ్చే తొమ్మిది మంది దేవతలైన మ్యూజ్‌ల స్ఫూర్తితో కొత్త పాత్ర రాయాలని, గీయాలని ఉత్సాహపడేవారికి కొదవ లేదు. వచ్చిన చిక్కల్లా, ఎవరు మొదలుపెట్టినా చివరికి ఒకే అమ్మాయి తయారవుతుంది. తెల్లని వస్త్రం, చేతిలో తంత్రీవాద్యం, చూపుతోనే కళాకారుడికి ఊపిరి పోసే సుగుణాల రాశి. ఆమెకంటూ ఒక కోరిక ఉండదు, కోపం అసలే ఉండదు.

తొమ్మిది పేర్లు, ఎవరికి ఏ కళ అన్న పట్టికతో మొదలుపెట్టడం వల్లే ఈ తిప్పలు. క్లియోకు చరిత్ర, యురేనియాకు ఖగోళం అన్న పంపకం స్థిరపడింది రోమన్ల కాలంలో. క్రీ.పూ. 700 ప్రాంతపు హెసియోడ్ కావ్యం ‘థియోగనీ’లో పేర్లున్నాయి గానీ శాఖలు లేవు. హెలికాన్ కొండ దగ్గర గొర్రెలు కాచుకుంటున్న ఆ కవిని మ్యూజ్‌లు పలకరించిందే తిట్లతో. తిండి తప్ప మరేదీ ఎరగని కాపరులని ఈసడించి, నిజంలా వినిపించే అబద్ధాలు చెప్పడం తమకు తెలుసని, తలచుకుంటే నిజమూ చెప్పగలమని అంటారు. ‘ఇలియడ్’లో అయితే మరీ ఘోరం. మ్యూజ్‌లనైనా పాటలో ఓడిస్తానన్న థామిరిస్‌ను వికలుణ్ణి చేసి, అతని గానాన్ని లాక్కుని, వాద్యం వాయించే విద్యను మరపించారు.

వాళ్ల తల్లి నెమొసినీ జ్ఞాపకానికి దేవత. ఆమె కన్న బిడ్డలేమో, హెసియోడ్ ప్రకారం, మనుషుల కష్టాలను మరపించేవాళ్లు. జ్ఞాపకం కడుపున మరపు పుట్టింది! పాత్రకు కావలసిన సంఘర్షణ ఇంతకన్నా ఎక్కడ దొరుకుతుంది? కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గర మన కొత్త మ్యూజ్ పాడిందనుకోండి. నెలల తర్వాత ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోయింది. తెల్లారి లేచాక కొడుకు నవ్వితే ఏ చెంప సొట్టపడేదో గుర్తు రాలేదు. ఇప్పుడు మ్యూజ్ ఏం చేస్తుంది? మళ్లీ పాడుతుందా, క్షమాపణ అడుగుతుందా?

పురాణం అందరి సొత్తు, ఎలాగైనా మార్చుకోవచ్చు అనేవారున్నారు. నిజమే. 1997లో డిస్నీ ‘హెర్క్యులిస్’ తొమ్మిది మందిని అయిదుగురికి కుదించి, చర్చి గాయనుల తరహాలో హుషారుగా పాడించింది. మార్చినందుకు నాకు పేచీ లేదు, కోరలు పీకినందుకే.

ఆ కోరల అవసరం మనకూ ఉంది. జనం కష్టాలు మరిచిపోవడానికే సినిమాకు వస్తారని మన నిర్మాతలు ఏళ్ల తరబడి చెబుతున్నారు. హెసియోడ్ చెప్పిందీ అదే కదా! కానీ ఆ రెండున్నర గంటల్లో ప్రేక్షకుడు మరిచిపోయింది కష్టాన్నేనా, దానికి కారకులను కూడానా? అలాంటి నిర్మాత దగ్గర పాటలు రాసే ఉద్యోగంలో మ్యూజ్‌ను కూర్చోబెట్టి చూడండి. తల్లి నెమొసినీ ఏదో ఒక రోజు లెక్క అడగడానికి ఆ ఆఫీసుకు రాక తప్పదు.