సవరణ: మోరిల్ చట్టం భూమి క్యాంపస్ కోసం కాదు

'1862 మోరిల్ చట్టం కింద అమెరికా ప్రభుత్వం కాలేజీలు కట్టుకోవడానికి స్థలాలిచ్చింది' అని నిన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. చట్టం మూలపాఠం మళ్లీ చదివాక సరిచేస్తున్నాను.

అమెరికా కాంగ్రెస్‌లో రాష్ట్రానికున్న ఒక్కో సెనేటర్‌కి, ప్రతినిధికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చారు, అదీ అమ్ముకోవడానికే. వచ్చిన డబ్బును కనీసం 5 శాతం రాబడినిచ్చే బాండ్లలో పెట్టి, ఆ వడ్డీతో కాలేజీ నడపాలి. స్థలం, ప్రయోగ క్షేత్రం కొనడానికి 10 శాతం దాకా వాడొచ్చు. భవనాలకైతే పైసా కూడా ముట్టుకోకూడదు, మరమ్మతులకు కూడా!

తమ హద్దుల్లో సరిపడా ప్రభుత్వ భూమి లేని రాష్ట్రాలకు వేరే చోట ప్రభుత్వ భూమి తీసుకునే హక్కునిచ్చే 'స్క్రిప్' అనే కాగితాలిచ్చారు. రాష్ట్రం వాటితో వేరే రాష్ట్రంలో భూమి తీసుకోకూడదు, అమ్మేయాల్సిందే; కొన్నవాళ్లే భూమి ఎంచుకోవచ్చు. అందరూ ఒకేసారి అమ్మకానికి పెట్టడంతో ధర పడిపోయింది. న్యూయార్క్ వాటా 33 మంది సెనేటర్లు, ప్రతినిధుల లెక్కన 9,90,000 ఎకరాలు. కార్నెల్ యూనివర్సిటీ స్థాపకుల్లో ఒకడైన ఎజ్రా కార్నెల్ అందులో చాలా కాగితాలు కొని, విస్కాన్సిన్ పైన్ అడవులు ఎంచుకున్నాడు. ధర పెరిగేదాకా వాటిని అమ్మకుండా ఉంచారు. యూనివర్సిటీ నిధి అలా పెరిగింది. ఇథాకా పట్టణంలోని దాని క్యాంపస్ స్థలం మాత్రం ఆయన సొంత పొలం.

ఈ 'ప్రభుత్వ భూమి' చాలావరకు ఆదివాసీ తెగల నుంచి లాక్కున్నదే. నిన్న ఆ మాట కూడా వదిలేశాను.