కల్పనకు టాటా ఆదర్శమే, అయితే?

ఈ మధ్య ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్న సందేశం సారాంశమిది: కల్పనా చావ్లాకు ఆదర్శం జె.ఆర్.డి. టాటా, కాబట్టి స్ఫూర్తికి ఆడా మగా లేదు. ప్రతిభ ఉంటే చాలు. ఎవరినో చూసి నడిస్తే సొంత వ్యక్తిత్వం పోతుంది. పైగా ఆడపిల్లలకు స్త్రీలనే ఆదర్శంగా చూపిస్తే మగపిల్లలకు అన్యాయం.

టాటా గురించి కల్పన స్వయంగా చెప్పిందే, అందులో పేచీ లేదు. కానీ ఏరు ఈది ఒడ్డెక్కినవాళ్లను చూపించి లోతే లేదంటే ఎలా? నీళ్లు చూసి వెనుదిరిగినవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఉదాహరణలే కావాలంటే, 1992లో రోదసికి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ ఉంది. టీవీలో ‘స్టార్ ట్రెక్’లో నిషెల్ నికోల్స్ వేసిన అధికారిణి పాత్రే చిన్నప్పుడు తనకు స్ఫూర్తి అని చెప్పుకుంది. చెరొకటీ చెల్లు.

ఇక ప్రతిభ. 1966-77 మధ్య 4,807 మంది పిల్లల చేత శాస్త్రవేత్త బొమ్మ గీయించారు. స్త్రీని గీసినవారు 28 మంది. ఆ 28 మందీ ఆడపిల్లలే. ప్రతిభ సంగతి తర్వాత, శాస్త్రవేత్త కోటులో ఆడపిల్ల తనను ఊహించుకోవడానికే చోటు లేదు.

చోటు దొరికితే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో తేలింది. అక్కడ ఏ పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవి స్త్రీలకన్నది ఎవరి ఇష్టాన్నీ బట్టి కాక, చీటీ తీసినట్టు తేలుతుంది. 495 ఊళ్లు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండు దఫాలు ఆ కేటాయింపు ఉన్నచోట పిల్లల భవిష్యత్తుపై పెట్టుకునే ఆశల్లో ఆడా మగా తేడా తల్లిదండ్రుల్లో 25 శాతం, పిల్లల్లో 32 శాతం తగ్గింది. చదువులో తేడా చెరిగిపోయింది. ఆడపిల్లల ఇంటిచాకిరీ కూడా తగ్గింది. వాళ్లకు కొత్త ఉద్యోగాలు పుట్టిన దాఖలా లేదు. మారింది కుర్చీలో కనబడే మనిషి. నన్ను ఆగి ఆలోచింపజేసేది ఆ తల్లిదండ్రుల అంకె. ‘నేనెవరు’ అన్న ప్రశ్నకు జవాబు పిల్ల ఒక్కతే రాసుకోదు; ఇంట్లోవాళ్లు ముందే సగం రాసి పెడతారు. ఆ సగం కూడా కదిలింది.

వ్యక్తిత్వం పోతుందన్న మాటలో కాస్త నిజముంది. లాక్‌వుడ్, కుందా అనే మనస్తత్వ పరిశోధకులు 1997లో చూపించినట్టు, మొదటి ఏడాది విద్యార్థులను ఉత్సాహపరిచిన విజయగాథే చివరి ఏడాదివాళ్ల మీద పనిచేయలేదు. ఇక అంత ఎత్తుకు చేరే వ్యవధి వాళ్లకు లేదు మరి. గోడమీద ఒక్క మహానుభావురాలి పటం పెట్టి చేతులు దులుపుకోవడం నాకూ నచ్చదు. దానికి మందు ఆదర్శాలను తగ్గించడం కాదు, పెంచడం. ఒక్కరే ఉంటే ఆమె అచ్చు అవుతుంది. పదిమంది ఉంటే ఒకరి మొండితనం, ఇంకొకరి మాటతీరు ఏరుకోవచ్చు, వేరొకరితో పోట్లాడనూ వచ్చు.

మగపిల్లల సంగతా? అమెరికా వైమానిక దళ అకాడమీలో ఎవరికి ఏ అధ్యాపకులన్నది విద్యార్థుల చేతిలో ఉండదు. గణితం, సైన్సు స్త్రీలు చెప్పిన తరగతుల్లో అమ్మాయిల ఫలితాలు మెరుగయ్యాయి. అబ్బాయిల మార్కుల్లో పెద్ద తేడా లేదు. వాళ్లు పోగొట్టుకున్నదేమిటో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.