జలాశ్వకి ఇంకెన్నిసార్లు ఎక్స్‌టెన్షన్?

2025 అక్టోబర్ 23న సైన్యం కొనుగోళ్లకి అనుమతిచ్చే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ 79 వేల కోట్ల లిస్టుకి ఓకే చెప్పింది, అందులో నేవీకి ల్యాండింగ్ ప్లాట్‌ఫాం డాక్‌లు, అంటే జవాన్లని, బండ్లని తీరంలో దించే పెద్ద ఓడలు కూడా ఉన్నాయి. సంతోషమే, కానీ మేం మాత్రం చప్పట్లు కొట్టలేం. ఈ ఓకే ఇంతకుముందూ విన్నాం.

ట్రక్కుల్ని, సాయుధ వాహనాల్ని, వెయ్యి మంది దాకా జవాన్లని ఎక్కించుకెళ్లి పోర్టే లేని తీరంలో దించగల ఆ సైజు ఓడ మనకి ఉన్నది ఒక్కటే, విశాఖలో ఉండే ఐఎన్‌ఎస్ జలాశ్వ. అదీ మనం కట్టింది కాదు. 1971లో అమెరికా నేవీలో ట్రెంటన్ పేరుతో చేరింది, వాళ్లు ముప్ఫై ఆరేళ్లు వాడుకుని 2007లో సుమారు 48 మిలియన్ డాలర్లకి మనకి అమ్మేశారు. వాళ్లు రిటైర్ చేసిన వయసులో మనం ఉద్యోగమిచ్చాం! ఓడ కండిషన్ సరిగ్గా చూసుకోకుండా కొన్నారని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అప్పట్లోనే కడిగేసింది కూడా.

పాపం, ఓడ మాత్రం పనికి వెనకాడలేదు. 2020 మేలో కరోనా టైంలో మాల్దీవుల్లో చిక్కుకున్న 698 మందిని కొచ్చికి తెచ్చింది. అమెరికాతో కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ ఎక్సర్‌సైజుల కోసం కాకినాడ తీరానికీ వచ్చింది. ఈ రకం ఓడ పనిచేసే తీరే వేరు, వెనక భాగం నీళ్లు నింపుకుని కిందకి కుంగుతుంది, గేటు తెరుచుకుంటుంది, కడుపులో ఉన్న చిన్న పడవలు బండ్లతో సహా తేలుకుంటూ ఒడ్డుకొస్తాయి.

నడుస్తోందిగా, రిపేర్లు చేయించుకుంటే చాలు, ముందు సబ్‌మెరైన్లు చూడాలి అనేవాళ్లున్నారు. సరే, సబ్‌మెరైన్లూ కావాలి. కానీ 2013లో ఇలాంటివే నాలుగు ఓడలకి టెండర్ పిలిచింది ఎవరు? అందులో రెండు మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కడతామన్నారు, ఏడేళ్లు నానబెట్టి 2020లో టెండరే రద్దు చేశారు, 2021లో మళ్లీ వివరాలు పంపండంటూ కంపెనీల్ని అడిగారు, ఇప్పుడు మళ్లీ ఓకే. ఓకేలు వస్తున్నాయి, ఓడే రావట్లేదు. నోరు తెరిస్తే ఆత్మనిర్భర్, వాడేదేమో అమెరికా వద్దనుకున్న ఓడ.

ఈసారైనా ఆర్డర్ ఎవరికి, మొదటి ఓడ ఏ ఏడాది, విశాఖ యార్డు వాటా ఏమైంది, తేదీలు వేసి చెప్పండి. ఫొటోల కోసం జలాశ్వ డెక్ ఎక్కే పెద్దలు ఒకసారి కింద బాయిలర్ల దగ్గరికి కూడా దిగి రండి, అక్కడ చెమటోడ్చే కుర్రాళ్ల నాన్నల వయసుంటుంది ఆ మెషినరీకి.