సప్పుడు వ్యాకరణం

తెలుగు చచ్చిపోతోందని బెంగపడేవాళ్లు నల్లగొండలో ఏదైనా మెకానిక్ షెడ్డు ముందు ఒక పూట కూర్చోవాలి. పదిహేనేళ్ల కారు తెచ్చిన పెద్దమనిషి ఇట్లా మొదలుపెడతాడు: "కిర్రుమంటలేదన్నా, గిర్రుమంటుంది. గిర్రు గూడ కాదు, జర్ర జర్రు లెక్క." ఇంత సూక్ష్మమైన ధ్వనిభేదం మన నిఘంటువుల్లో కూడా దొరకదు. మెకానిక్ అడిగేది మాత్రం ఒక్కటే. "ఎప్పుడొస్తదే?" దానికి జవాబు: "వచ్చినప్పుడొస్తది."

చిక్కంతా ఇక్కడే ఉంది. సప్పుడు ఎట్లా ఉందో చెప్పడానికి మన దగ్గర వంద మాటలున్నాయి. ఎప్పుడొచ్చిందో గమనించే అలవాటే లేదు. అందుకని ఈ డొక్కు బండ్ల భాషకు బడిలో చదివిన వ్యాకరణమే వర్తింపజేయాలని ప్రతిపాదిస్తున్నాం.

మొదట ఆమ్రేడితం. 'టక్' వేరు, 'టకటక' వేరు. స్పీడ్ బ్రేకర్ దిగగానే ఒక్కసారి టక్కుమని ఊరుకుందంటే చక్రాన్ని బండికి కలిపే చోట ఎక్కడో కీలు వదులైంది. లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో, స్ట్రట్ పైన ఉండే మౌంటో అయి ఉంటుంది. తెల్లగీత కూడా లేని మన ఊరి బ్రేకర్ల మీద వీటికి ఆయుష్షు తక్కువ. లింక్ రాడ్డును చేత్తో పట్టి ఊపితే ఆడుతుందో లేదో తెలిసిపోతుంది, అన్నిట్లోకీ చవకైనదీ అదే. కాబట్టి సలహాల్లో అది చివర వస్తుంది, నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చమనే మాట మొదట వస్తుంది.

ఇక టకటక అంటే తిరిగేదేదో మొత్తుకుంటోందని. 12 అంగుళాల చిన్న చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 10 చుట్లు తిరుగుతుంది, చుట్టుకో టక్ అన్నా అది టకటకే. బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కి చూడండి. సప్పుడు పెరిగితే నేరం ఇంజన్ వైపు. నిలబెట్టినప్పుడు నోరు మెదపకుండా, నడిచినప్పుడే వేగంతోపాటు పెరిగితే చక్రాల వైపు. ఈ ఒక్క పరీక్షతో సగం కారును నిర్దోషిగా విడుదల చేయొచ్చు.

సంధి అంటేనే కీలు. ఖాళీ జాగాలో స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫస్ట్ గేర్లో మెల్లగా గుండ్రంగా తిప్పితే 'కట్ కట్ కట్' అన్నదంటే బయటి సీవీ జాయింట్, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసు కొసనుండే కీలు, పోయినట్టే. వంగి చూస్తే చక్రం లోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉంటుంది. రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయింది గనుక ఇది లోపసంధి. సప్పుడు రాకముందే చూసుకుంటే కొత్త బూటు, క్లిప్పులు, గ్రీజుతో సరిపోయేది. సప్పుడు మొదలయ్యాక ఎంత గ్రీజు కూరినా లోపలి గోళీలు నడిచే గాడిలో పడ్డ గుంట పూడదు. ఇక ఆదేశసంధే. పాతది పోవాలి, దాని చోటికి కొత్తది రావాలి.

నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి వేగం అందుకోగానే 'బుయ్య్' అని రాగం తీస్తే చక్రం బేరింగును అనుమానించాలి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే రాగం కూడా మారితే అది టైరు పాట. మారకపోతే, దారి ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్‌ను కొంచెం కుడికి తిప్పి వినండి. బండి బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు గొంతు పెరిగితే పోయింది ఎడమ బేరింగు. కుడికి తిప్పితే పెరిగింది కదా అని కుడిది మార్పించుకునేవారికి కొదవ లేదు. విరోధాభాసాలంకారానికి ఇంత ఖరీదైన ఉదాహరణ మరొకటి ఉండదు.

క్లచ్ పెడల్‌లో శ్లేష ఉంది. తొక్కితే వచ్చే గరగర క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగేది గేర్‌బాక్స్ లోపలిది. ఏసీ వెయ్యగానే కీచుమనేది ఎక్కువగా బెల్టే. పొద్దున టిక్కుటిక్కుమంటే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి, ఆ తర్వాతే ఇంజన్ వాల్వులను తెరిచే ట్యాపెట్లను తిట్టాలి. లోతుగా 'డబ్ డబ్' అంటూ ఆయిల్ లైటు వెలిగిందా, అక్కడ వ్యాకరణం బంద్, ఇంజనూ బంద్. ఇంకో కిలోమీటరు పోదామనుకుంటే ఆ కిలోమీటరు ఖరీదు ఒక ఇంజను.

బడిలో 'బహుళం' అర్థం కానివాళ్లకు షెడ్డు ముందు అర్థమవుతుంది. ఆ సప్పుడు ఇంటి దగ్గర నిత్యం, దారిలో వైకల్పికం, మెకానిక్ ముందు ససేమిరా రాదు. అందుకే బండిని షెడ్డులో అప్పజెప్పి రాకుండా, మెకానిక్‌నే పక్క సీట్లో ఎక్కించుకుని అదే గుంతల దారిలో, అదే వేగంతో తిప్పాలి. అంతకుముందు డిక్కీ ఖాళీ చేయాలి. వదులైన జాకీ, స్టెప్నీ బోల్టు, సీటు కింద నీళ్ల సీసా, ఈ మూడూ కలిసి ఎన్ని షాక్ అబ్జార్బర్లను బలిచేశాయో లెక్కలేదు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కనుంచి వచ్చిన బండి అడుగున సరసరలాడితే అది గడ్డి. సైలెన్సర్ చల్లారాక ఆ గడ్డిని పీకేయాలి. కాలిన వాసన వస్తే బండిని పక్కకు ఆపి వెంటనే దిగాలి.

ఇదంతా చదివి పాత బండి కొనడానికి పోతే, పొద్దుటి టిక్కుటిక్కు వినపడకుండా అమ్మేవాడు అప్పటికే ఇంజన్ వేడిచేసి, పాటలు పెట్టి ఉంటాడు. పాటలు ఆపించండి. అద్దాలు దించి ఏదైనా ప్రహరీ గోడ పక్కనుంచి నడపండి, గోడ ప్రతి సప్పుడునూ తిరిగి చెవికి అప్పజెప్తుంది. అన్నిటికంటే ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందేమని అడిగితే "ఎండకు కాలింది సారూ" అంటాడు. మే నెలలో నల్లగొండలో ఆ మాటను కాదనే మొగోడు లేడు. బేరానికి పొద్దున ఆరింటికే పోవాలి, వస్తున్నట్టు ఫోన్ చేయకుండా.