వంతెన మీద ఎవరి పేరు?

‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ సినిమా గురించి ఎవరు మాట్లాడినా చివరికి కర్నల్ నికల్సన్ దగ్గరే ఆగుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు చిక్కిన బ్రిటిష్ అధికారి ఆ శత్రువు కోసమే గట్టి వంతెన కట్టించి, దాన్ని చూసుకుని మురిసిపోతాడు. ఇంతకంటే పిచ్చి ఉంటుందా అని అరవై ఏళ్లకు పైగా ముక్కున వేలేసుకుంటున్నాం. 1957లో డేవిడ్ లీన్ తీసిన ఈ చిత్రానికి ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఆ గౌరవం గురించి నాకు పేచీ లేదు. నికల్సన్ మీద మనం ఇచ్చిన తీర్పుతోనే ఉంది.

సినిమా బలమంతా పొంతన కుదరని మనుషుల్లో ఉంది. గడువు తప్పితే ప్రాణం తీసుకోవలసిన శిబిరాధికారి సయిటో. చచ్చిపోయిన అధికారి దుస్తులు తొడుక్కుని హోదా సంపాదించిన అమెరికన్ నావికుడు షియర్స్. పేలుడు పదార్థాలంటే ముచ్చటపడే మేధావి వార్డెన్. వీళ్ల మధ్య అలెక్ గిన్నిస్ నికల్సన్. అధికారుల చేత కూలి పని చేయించకూడదని జెనీవా ఒప్పందం చూపించి, ఇనుప రేకుల కొట్టులో ఎండకు మాడి, సయిటో మెడలు వంచుతాడు. గెలిచాక చేసిన పని చూడండి. గడువు ముంచుకొచ్చేసరికి అదే అధికారులను తానే పనిలోకి దించుతాడు, ఆసుపత్రిలో పడుకున్నవారినీ లేపుతాడు. పనంతా అయ్యాక, దీన్ని రూపొందించి నిర్మించింది బ్రిటిష్ సైనికులేనని పలక బిగిస్తాడు. ఏ సూత్రం కోసం చావుకు సిద్ధపడ్డాడో ఆ సూత్రాన్ని వంతెన మోజు మింగేసింది. ఈ ఒక్క మలుపు కోసమైనా సినిమాను మళ్లీ చూడవచ్చు.

అయితే థాయ్‌లాండ్‌లోని తమర్కన్ యుద్ధఖైదీల శిబిరంలో నిజంగా ఆ స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్ టూసీ ఇందుకు పూర్తిగా వేరు. పైకి జపాన్ వారికి సహకరిస్తున్నట్టు కనిపిస్తూనే వీలైనచోటల్లా పనిని చెడగొట్టించారు. కొయ్య దూలాల్లోకి చెదపురుగులను వదిలారని ఖైదీలు చెప్పుకున్నారు. ఆయన పట్టుబట్టిన క్రమశిక్షణ వంతెన కోసం కాదు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉండాలి, తిండి సమంగా పంచాలి, రోగుల తరఫున కాపలాదారులతో ఎవరో ఒకరు వాదించాలి. ఖైదీలకు సొంత వైద్యులున్నారు, నీళ్లు కాచి తాగమని గద్దించే పై అధికారులున్నారు. సినిమా వెక్కిరించిన సైనిక చాదస్తం అక్కడ మనుషులను బతికించింది.

ఎంతగా బతికించిందో తెలియాలంటే అది లేనివాళ్ల వైపు చూడాలి. ఈ వంతెన ఉన్న 415 కిలోమీటర్ల థాయ్‌లాండ్–బర్మా రైలు మార్గాన్ని జపాన్ సైన్యం 1942–43లో కట్టించింది. దాని మీద పనిచేసిన మిత్రరాజ్యాల ఖైదీలు సుమారు 60 వేలు. వారిలో ఐదింట ఒక వంతు చనిపోయారు. ఆసియా కూలీలు రెండు లక్షల వరకు ఉంటారని, అందులో 90 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఇంచుమించు సగం! వాళ్లలో బర్మీయులు, జావా వారు, మలయా రబ్బరు తోటల నుంచి వచ్చిన తమిళులు, వారితో పాటు తెలుగువారు ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, కూలీలను కుదిర్చి తీసుకెళ్లే కంగాణీల వెంట సముద్రం దాటిన కుటుంబాలవి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ లొంగిపోయింది, రబ్బరు కొనేవాడు లేకుండా పోయాడు, తోటల్లో పని పోయింది. మొదట మంచి కూలి అని ఆశ పెట్టారు, తర్వాత బలవంతంగా పట్టుకెళ్లారు. 1943 వానల్లో కలరా విరుచుకుపడినప్పుడు వాళ్ల గుడిసెల్లో చాలాచోట్ల వైద్యుడన్న మనిషే లేడు. వాళ్ల తరఫున సయిటో ముందు నిలబడడానికి పిచ్చి కర్నల్ ఒక్కడైనా లేడు.

సినిమాలో వీళ్ల జాడ లేదు. ఆసియా ముఖాలంటే జపాన్ సైనికులు, ఓ దారి చూపేవాడు, కమాండోల సామాను మోస్తూ సిగ్గుపడే అమ్మాయిలు, దాదాపు అంతే.

ఇది పియర్ బూల్ 1952 నవల ఆధారంగా అల్లిన కల్పన, ఒక్క శిబిరం కథ, చరిత్ర పాఠం కాదు అంటారు. నిజమే, కథకుడు ఎవరి గురించి రాయాలో మనం చెప్పలేం. కానీ ‘పని ఎవరిది, ఘనత ఎవరిది’ అని పలకతో సహా అడిగిన సినిమా ఇది. ఆ ప్రశ్న వేసిన తర్వాత, పనిచేసినవారిలో ఎక్కువమందిని తెర మీదికే రానివ్వకపోతే ఎలా?

పరాయివాళ్లనే తప్పుబట్టి చేతులు దులుపుకోలేం. అవే మలయా తోటల నుంచి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారు మన చరిత్రలో వీరులయ్యారు, అవ్వాల్సిందే. పక్క కూలి ఇళ్ల వరుస నుంచి రైలు మార్గం పనికి వెళ్లినవారికి మన పుస్తకాల్లో ఒక్క పేరా దక్కలేదు. తుపాకీ పట్టినవాడికి స్వభావం, సంఘర్షణ, చివరి మాట అన్నీ ఉంటాయి. పలుగు పట్టినవాడు అంకెగా మిగులుతాడు, అదీ అంచనా అంకె. థాయ్‌లాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల మంది సైనికుల సమాధులున్నాయి. కూలీలను గుంపులుగా పూడ్చారు, లేదా కాల్చారు.

పేర్లు దిద్దడం ఎవరికీ చేతకాదని అనుకోనక్కరలేదు. కమ్యూనిస్టులన్న అనుమానంతో హాలీవుడ్ పెట్టిన నిషేధిత జాబితాలో ఉన్నందున ఈ చిత్రం అసలు రచయితలు కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్ పేర్లు తెర మీద రాలేదు, ఆస్కార్ బూల్‌కు వెళ్లింది. 1984లో అకాడమీ ఆ తప్పు దిద్దుకుని, ఇద్దరికీ మరణానంతరం గుర్తింపు ఇచ్చింది. అంతకుముందే ఇంకో వింత జరిగింది. ఆ వంతెన ఉన్నది నిజానికి మే క్లాంగ్ నది మీద. సినిమా చూసి క్వాయ్ వంతెనను వెతుక్కుంటూ పర్యాటకులు వస్తున్నారని 1960లో థాయ్‌లాండ్ ఆ పాయకు ఖ్వే యాయ్ అని పేరు మార్చింది.