సింగిల్ లేదట!

నిన్న సాయంత్రం వానకి మన విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఓ షాపు రేకు కింద ముప్పావుగంట ఇరుక్కుపోయాను. చెవిలో నాడా సర్ఫ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ వాళ్ల 'లెట్ గో' ఆల్బమ్. అందులో ఒక పాట ఉంటాది, బయట జోరు వాన, ఒకడు పోర్టబుల్ స్టీరియోలో బాబ్ డిలన్ ఆల్బమ్ 'బ్లాండ్ ఆన్ బ్లాండ్' వింటూ తిరుగుతుంటాడు, అంతే, ఇంకేం జరగదు. సరిగ్గా అదే వచ్చింది. ఎదురుగా కాలవ పొంగి ఎవరిదో హవాయి చెప్పు ఒంటరిగా కొట్టుకుపోతోంది, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి గ్రూపులో లింక్ పెడితే మావాడొకడు "ఏటి బావు ఇది, జోలపాటా? పవర్ పాప్ అన్నావు, పవర్ ఏదీ?" అన్నాడు. అందుకే ఈ పోస్టు, తిట్టుకోకుండా చదవండి.

పవర్ పాప్ అన్న మాట 1967లో ది హూ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ అన్నది. ట్యూను తియ్యగా ఉండాలి, గిటార్ మాత్రం గట్టిగా తగలాలి, చెరుకురసంలో అల్లం ఘాటులాగ. నాడా సర్ఫ్ ముగ్గురిదీ న్యూయార్క్. 1996లో ఎలెక్ట్రా అనే పెద్ద లేబుల్‌లో, అంటే రికార్డుల కంపెనీలో, మొదటి ఆల్బమ్, ప్రొడ్యూసర్ ది కార్స్ బ్యాండ్ రిక్ ఓకాసెక్, అందులో 'పాపులర్' అనే పాట ఎంటీవీలో మోగిపోయింది. ఇంకేం, రెండో ఆల్బమ్‌కి కూడా అలాంటిదే కావాలన్నారు. వీళ్లు 1998లో 'ది ప్రాక్సిమిటీ ఎఫెక్ట్' చేసి ఇస్తే "ఇందులో సింగిల్ లేదు", అంటే విడిగా రేడియోకి, టీవీకి వదిలి హిట్ చేసుకునే పాట లేదు అని అమెరికాలో రిలీజ్ ఆపేసి బ్యాండ్‌ని వదిలించుకున్నారు. పాటలు బాగాలేవని కాదండోయ్, సింగిల్ లేదని! పెళ్లి భోజనం మొత్తం తిని, పూర్ణం లేదని లేచిపోయినట్టు.

తర్వాత వీళ్లు హక్కులు వెనక్కి తెచ్చుకుని 2000లో మార్‌దేవ్ అని సొంత లేబుల్ పెట్టి అదే ఆల్బమ్ అమ్ముకున్నారు. సింగర్ మాథ్యూ కాస్ రికార్డుల షాపులో పనిచేశాడు. ఎంటీవీలో కనిపించినోడు కౌంటర్‌లో చిల్లర ఇస్తున్నాడు, ఊహించుకోండి. ఆ రోజుల తర్వాత వచ్చిందే 'లెట్ గో', 2002లో యూరప్‌లో, 2003లో బార్సుక్ అనే చిన్న లేబుల్ మీద అమెరికాలో.

మావాడు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. గిటార్లు తగ్గాయి, మొదటి పాట అయితే దాదాపు ఒట్టి అకౌస్టిక్, కరెంటు తగలని గిటారే. కానీ 'హ్యాపీ కిడ్' వినరా ముందు, అల్లం అక్కడే ఉంది, పైన తేలట్లేదంతే. ఎవడికీ సింగిల్ బాకీ లేనోడు పాడే తీరు అది.

అలాగని లేబుల్ వదిలేస్తేనే కళ, పస్తులుంటేనే పాట అని మొదలెట్టకండి, నాకు ఒళ్లు మండుతాది. ఘంటసాల మన ఊళ్లో సంగీతం నేర్చుకునేప్పుడు మాధుకరం ఎత్తి తిన్నాడని గొప్పగా చెప్పుకుంటాం, ఆయన జోలె పట్టుకుని వెళ్లింది మన గుమ్మాల ముందుకే కదా, అందులో మన గొప్ప ఏముందో నాకెప్పుడూ అర్థం కాలేదు. నాడా సర్ఫ్‌ని నిలబెట్టింది ఆకలి కాదు. షాపు జీతం, చేతికి తిరిగొచ్చిన హక్కులు.

ఎలా తెలుసంటారా, నా హక్కులు ఇంకా రాలేదు గనక. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పదేళ్లు గిటార్ వాయించి, ఆరు సొంత పాటలు చేసి వైజాగ్‌లో ఒక మ్యూజిక్ కంపెనీకి ఇచ్చాను. అక్కడాయన మొదటి పాట ఇరవై సెకన్లు విని, ఫోన్ చూసుకుంటూ "రీల్‌కి పనికొచ్చే ముక్క ఏది? డీజే బీటు వేసి తెండి" అన్నాడు. వెయ్యలేదు. వాళ్లు రిలీజ్ చెయ్యలేదు. నేను అప్‌లోడ్ చెయ్యడానికీ లేదు, అగ్రిమెంట్‌లో మూడేళ్లు అని ఉంది, చదవకుండా సంతకం పెట్టిన గాడిదని నేనే, ఒప్పుకుంటాను. ఆరు పాటలూ బీరువాలో చీరల కింద హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. మా ఆవిడ పండక్కి చీర తీసినప్పుడల్లా "ఇది ఇంకా ఇక్కడే ఉందా" అంటాది.

మార్చితో మూడేళ్లు అయిపోతాయి. నాలుగో పాటలో డ్రమ్స్ మళ్లీ కొట్టించాలి, అప్పుడు ప్యాడ్ మీద కానిచ్చేశాం. విజయనగరం, బొబ్బిలి వైపు అసలైన కిట్ ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. డబ్బులు ఇస్తాను, కాకపోతే జీతాలు పడ్డాక.